చీనా ఇమానానికి ఆది జాకెట్టు

రాయి అమ్మీ. ముందల ఆ ఇమానం సంగతే రాయి. నా పెళ్ళి, మీ తాతయ్య, రబ్బరు తోట, ఆ గోలంతా అందరి అమ్మమ్మలూ సెప్పేదే. చీనావోల్ల యుద్ధ ఇమానం గురించి సెప్పే అమ్మమ్మ ఈ మలేసియా క్లాంగ్‌లోన ఇంకెవులున్నారు? నవ్వకు. నవ్వుకుంటా టైపు సేత్తే తప్పులు పడతాయి, మళ్ళీ అమ్మమ్మ మాట తిన్నగా సెప్పదని నా మీదకే తోసెత్తావు.

దాని పేరు జె-టెన్. నాను నోటితో ఎలగన్నానో అలగే రాయి.

దాన్ని మొదటిసారి సూసింది లంకావి దీవిలోన. అక్కడ ఇమానాల ప్రదర్శన పెట్టినారు. నువ్వు ఇమానాల సదువు ఆకరేడులోకి వచ్చినావు, సూసి తీరాలని పట్టు పట్టినావు, మీ అమ్మ సెలవు పెట్టినాది. నానెందుకొచ్చినానంటే, ఇంటోన ఒక్కదాన్నీ ఉంటే గేసు కట్టడం మర్సిపోతానని మీ అమ్మ భయం. అంతే లాహ్. ఇమానాల కోసం రానేదు నాను. నీడలోన కుర్సీ ఏసుకుని కోపి తాగుతా సముద్రం సూద్దామని వచ్చినాను.

అప్పుడొచ్చినాయి చీనా ఇమానాలు. నీలం రంగు, తెల్ల రంగు. దండలోన పువ్వులు గుచ్చినట్టు ఒకదాని పక్కన ఒకటి. ముందల ఇమానం కనపడినాది, అది ఎల్లిపోయినాక సప్పుడొచ్చినాది. ఆ సప్పుడు సెవిలోకి కాదు, పక్కటెముకల్లోకి వచ్చినాది. కోపి కప్పు వణికినాది. ఒకటి తిన్నగా పైకి నిలబడిపోయినాది, బల్లి గోడెక్కినట్టు. ఇంకోటి మా నెత్తి మీద పొట్ట సూపించుకుంటా తిరిగినాది. పొట్ట కింద గాలి పీల్సే పెద్ద నోరు. ఎనకాల మూడు మూలల రెక్క. ఆ రెక్కకి ముందల, మెడ దగ్గిర, ఇంకో రెండు సిన్న రెక్కలు. నాకైతే పొట్టి సేతుల జాకెట్టు ఏసుకున్న మనిసిలాగ కనపడినాది. ఆ మాటే పైకి అన్నాను. మీ అమ్మ తలకాయ పట్టుకున్నాది. "ఎక్కడికి తీసుకొచ్చినా నీకు జాకెట్లే కనపడతాయి" అన్నాది.

ఏటి సెయ్యను మరి. జీవితమంతా జాకెట్లే కుట్టినాను.

నాను "ఎంత బాగా కుట్టినారే దీన్ని" అంటే నువ్వు అన్నావు, "కానీ ఇది కాపీ అంటారు అమ్మమ్మా." నువ్వన్నావో నేదో? అన్నావు. రాయి.

"దేనికి కాపీ?" అన్నాను.

"ఇజ్రాయెల్‌వోల్లు లావి అని ఒకటి సేసినారు. ఇలగే ఉంటాది. ముందల సిన్న రెక్కలు, ఎనకాల మూడు మూలల రెక్క, పొట్ట కింద నోరు. కొన్ని సేసి ఎగరేసి, ఖర్చు తట్టుకోనేక ఆపేసినారు. ఆ కాగితాలు చీనావోల్లకి ఎల్లినాయని సానామంది అంటారు."

"చీనావోల్లేటంటారు?"

"మాది మాదే, ఎవులి దగ్గిరా తీసుకోనేదు అంటారు."

నాకు ఆ మాట నచ్చనేదు. రెండు మాటలూ నచ్చనేదు. అంత పని సేసినోల్లని పట్టుకుని కాపీ అనడమూ నచ్చనేదు, లోకంలోన ఏదీ సూడకుండా కళ్ళు మూసుకుని సేసినామంటే అదీ నచ్చనేదు. ఎందుకో సెప్తాను, కొంచెం కుట్టు పని సంగతి రాయాలి. ఇమానం ఎక్కడికీ పోదులే.

నాను పని నేర్సుకున్నది హుటాన్ మెలింటాంగ్‌లోన. సేపల జెట్టీకి పోయే రోడ్డు మీద ఒక చీనా ఆవిడకి గుడ్డల కెడాయ్, అదే కొట్టు, ఉండేది. చీనా పెద్దావిడని అసో అని పిలుత్తాం కదా, అందరం అలగే పిలిచేవోల్లం. నాను మా సుంగై సుమున్ నుంచి బస్సెక్కి ఎల్లి ఆవిడ కెడాయ్ ఎనక గదిలోన మిషను తొక్కేదాన్ని. ఆవిడకి తెలుగు రాదు, నాకు చీనా రాదు, మలాయిలోనే మాటలూ పోట్లాటలూ.

మనోల్ల ఆడోల్లు, తమిళోల్ల ఆడోల్లు జాకెట్టు కుట్టించుకోడానికి వత్తే ఒంటి మీద టేపు పెట్టనివ్వరు. సిగ్గు. బాగా పట్టిన పాత జాకెట్టొకటి సంచిలోన తెత్తారు. దాన్ని సూసి కొత్తది కుట్టాలి. తమిళోల్లు అళవు జాకెట్టు అంటారు, మనం ఆది జాకెట్టు అంటాం. మొదట్లో అసోకి ఇది అర్థమయ్యేది కాదు. "మనిసి ఎదురుగా నిలబడి ఉంటే గుడ్డని కొలవడమేటి, మీకు పిచ్చా" అనేది. తరవాత్తరవాత ఆవిడే ఆది సూసి మనిసిని సెప్పేసేది. ఈవిడకి ఎడం భుజం కొంచెం దిగి ఉంటాది, ఈవిడ పిల్లకి పాలిత్తన్నాది, ఈవిడ సన్నబడిపోయినాది గానీ ఒప్పుకోదు. అన్నీ ఆదిలోనే సదివేసేది. అలగ సదివే మనిసిని నాను మళ్ళీ సూడనేదు.

ఆది ఉంటే కొత్త జాకెట్టు దానంతట అదే వచ్చెత్తాదని బయటోల్లు అనుకుంటారు. రాదు. ఒకావిడ తన ఆది తెచ్చి కూతురికి కుట్టమంటాది. ఒకావిడ నూలు జాకెట్టు తెచ్చి పట్టుకి కుట్టమంటాది. నూలు సాగుతాది, పట్టు సాగదు. గీత అదే గీసినా సంక దగ్గిర పట్టేత్తాది. ఒళ్ళు మారినా గుడ్డ మారినా మొత్తం మళ్ళీ ఆలోసించాలి. ఆది ఉన్నా బుర్ర మనదే పెట్టాలి.

ఈ మాట నాను లంకావి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఫెర్రీలోన సెప్పినాను. నువ్వు ఫోను పక్కన పెట్టినావు. నువ్వు ఫోను పక్కన పెట్టడమే ఒక ఇసేసం, అందుకని గుర్తున్నాది.

అప్పుడు సెప్పినావు అసలు కథ. లావి కన్నా ముందే చీనావోల్లు ఒక ఇమానం గీసుకున్నారంట. జె-నైన్. దానికీ ముందల సిన్న రెక్కలు పెట్టినారంట. ఏళ్ళకి ఏళ్ళు దాని మీద పని సేసి, గాలి సొరంగంలోన బొమ్మలు పెట్టి ఊది సూసి, సివరికి అది కాయితం మీదే ఆగిపోయినాదంట. ఒక్కపాలీ ఎగరనేదు. సేసినోల్లు ఏటైపోయినారు అన్నాను. చెంగ్డూ అనే ఊరు, కొండల పక్కన, ఆల్లు అక్కడే ఉండి ఆ నేర్సుకున్నదంతా బుర్రలోన దాసుకుని, మళ్ళీ కొత్త ఇమానం సెయ్యమంటే దాన్నే తీసినారంట.

"అయితే ఆల్ల ఆది ఆల్ల ఇంటోనే ఉన్నాది" అన్నాను.

"రెండు ఆదులు ఉండొచ్చు అమ్మమ్మా. ఇంటోది ఒకటి, బయటది ఒకటి. ఎవులి మాట ఎంత నిజమో తేల్సి సెప్పేవోల్లు నేరు."

అది నిజమైన మాట. నాకూ తెల్దు. ఈ కథ సదివినోల్లు అమ్మమ్మ తేల్చేసినాదని అనుకోవొద్దు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంజను సంగతి. ఆల్లు సొంత ఇంజను అనుకుని ఇమానం గీసినారంట. ఆ ఇంజను టయానికి తయారవనేదు. రష్యావోల్ల ఇంజను కొన్నారు. దాని లావు ఏరు, పొడవు ఏరు, అది పీల్సే గాలి ఏరు. ఇక నోరు మార్సాలి, పొట్ట మార్సాలి, నడుం మార్సాలి. నాను ఎగిరి గెంతినంత పని సేసినాను. "సెప్పినాను కాదేటి, ఇంజనంటే ఒళ్ళు, ఇమానమంటే జాకెట్టు. ఒళ్ళు మారిపోతే పాత గీత పనికిరాదు" అన్నాను.

"సుమారుగా కరెక్టే" అన్నావు. మేస్టారు లాగ. "కానీ నీ జాకెట్టుకి ఒళ్ళు ముందే ఉంటాది. ఈల్లకి కుడుతుండగా మద్దెలో మారిపోయినాది."

"సుసా లాహ్" అన్నాను. మలాయిలోన కష్టమని. మరి కష్టం కాదేటి? సగం కుట్టినాక పెళ్ళికూతురు మారిపోయినట్టు.

ఇంకోటి సెప్పినావు, అది తలుసుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిత్తాది. ఆ ఇమానం దానంతట అది తిన్నగా ఎగరదంట. కావాలనే అలగ సేసినారంట. తిన్నగా ఎగిరేది సటుక్కున తిరగదు, సటుక్కున తిరిగేది తిన్నగా నిలవదు. అందుకని లోపట కంప్యూటరు పెట్టినారు. మనిసి సెయ్యి కదిపేలోగా అది రెక్కలు సద్దుతానే ఉంటాది. గాలిలోకి పంపే ముందల నేల మీద ఇనప చట్రం కట్టి, వైర్లూ పంపులూ అన్నీ దానికి బిగించి, ఎగరకుండానే ఎగిరినట్టు నడిపించి సూసినారంట. దాన్ని ఇనప పిట్ట అంటారంట. నానైతే పట్టు ముక్క కత్తిరించే ముందల పాత సీర మీద కత్తిరించి సూసుకునేదాన్ని. ఆల్లదీ అదే భయం. ఎన్ని సార్లు ఆ పిట్టని నడిపించి ఉంటారో, ఎంతమంది అక్కడే అన్నాలు తిని ఉంటారో. దాన్ని మొదట తోలినాయన ఎక్కి కూసున్నప్పుడు కింద నిలబడ్డోల్లు పైకి సూడగలిగినారో నేదో.

తరవాత వచ్చిన జె-టెన్‌లకి పొట్ట కింద నోరు మార్సినారు. ముందల నోటికీ పొట్టకీ మద్దెన సందు ఉండేది, సిన్న సిన్న కడ్డీలు పట్టి ఉంచేవి. ఆ సందు తీసేసి, లోపట నున్నగా ఒక బొడిపి పెట్టినారు, గాలి దానంతట అదే సద్దుకుంటాది. నువ్వు ఫోనులోన రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి సూపించినావు. నాను "సూసినావా, కుట్లు తగ్గించినారు, ఇది మాత్రం ఎవులి దగ్గిరా తీసుకున్నది కాదు" అని గొప్పకి పోయినాను.

"అది అమెరికావోల్ల ఇమానంలోన ముందే ఉన్నాది అమ్మమ్మా."

సరే. ఫెర్రీ దిగేదాకా సముద్రమే సూసినాను.

ఒక మాట మద్దెన పెట్టు. అది బాంబులు మోసే ఇమానమే, నాకు తెల్వక కాదు. దాని పని నాను మెచ్చుకోను. దాన్ని కుట్టిన సేతులని మెచ్చుకుంటాను.

ఇక నీ సంగతి. వొద్దంటన్నావు గానీ రాయాలి, ఇదంతా దానికోసమే.

లంకావి నుంచి వచ్చినాక నువ్వు కాలేజీలోన ఆకరి ప్రాజెక్టుకి సిన్న ఇమానం సేత్తానన్నావు. సేతిలోని రిమోటుతో ఎగిరేది. జె-టెన్ లాగే ముందల సిన్న రెక్కలు, ఎనకాల మూడు మూలల రెక్క. మన వంటిల్లు ఎనకాల తెల్ల ధర్మకోల్ పొడి కొబ్బరి కోరు లాగ పడి ఉండేది. ఒకరోజు మీ అమ్మ పులుసులోన కూడా దొరికినాది. నాను కొబ్బరి ముక్క అనుకుని నమిలినాను. పోనీలే.

పెద్ద రెక్కకి అచ్చు కావాలి. అచ్చు సేత్తే నెలలు పడతాది. కాలేజీ గదిలోన పోయినేడు సదివి ఎల్లిపోయిన సీనియర్ అబ్బాయి రెక్క అచ్చు మూల పడి ఉన్నాది. మలాయి అబ్బాయి, మంచోడు, ఫోను సేసి అడిగితే తీసుకో అన్నాడు. నువ్వు తీసుకున్నావు. తప్పేటి? నాకు తప్పు కనపడనేదు. నీకూ కనపడనేదు, ఆ మద్దెలో జరిగే పరీచ్చ దాకా.

ఆ రోజు ఇంటికొచ్చి బూట్లు ఇప్పకుండా మెట్ల మీద కూసున్నావు. మీ లెక్చరరు నీ ఇమానం ఎత్తి సూసి, అందరి ముందలా, "ఇది పోయినేటి అబ్బాయి ఇమానమే కదా, రంగు మార్సినావు, ముక్కు మార్సినావు" అన్నాడని సెప్పినావు. సొంతంగా సేసినది కాదని తేలితే సున్నా. సున్నా వత్తే ఏడంతా మళ్ళీ సదవాలి. సుబాంగ్‌లోన ఇమానాలు బాగుసేసే చోట పనికి రమ్మన్నారు నిన్ను, ఆ పని పోతాది. ఆకరి పరీచ్చలోన ముగ్గురు కూసుని తేలుత్తారు అన్నావు. నాను అన్నం పెట్టినాను. తిననేదు. సేపల పులుసు ఉండగా తిననేదంటే సంగతి పెద్దదే అనుకున్నాను.

మర్నాడు సూత్తే ఎనక వాకిట్లోన గరుకు కాయితంతో రెక్క కొసలు అరగదీత్తన్నావు.

"ఏటే అది, బాగున్న రెక్కని ఎందుకు గీకుతన్నావు?"

"కొస గుండ్రంగ సేత్తన్నాను. అప్పుడు ఆ అబ్బాయి రెక్కలాగ కనపడదు."

"గుండ్రంగ ఉంటే బాగా ఎగురుతాదా?"

నువ్వు గీకుతానే ఉన్నావు.

"ఎగురుతాదా అని అడుగుతన్నాను."

"కొంచెం తక్కువ ఎగురుతాది."

"మరి పిచ్చా నీకు?"

"ఫ్రెండ్స్ అందరూ అలగే సెయ్యమన్నారు అమ్మమ్మా. సూపుకి ఏరేగా ఉంటే ఎవులూ అడగరు."

నాను కుర్సీ తెచ్చుకుని కూసున్నాను. కోపం వచ్చినాది గానీ నీ మొకం సూసి మింగేసినాను. అప్పుడు సెప్పినాను అసో కెడాయ్‌లోని పద్ధతి. జాకెట్టు కుట్టడం అయిపోయినాక కొత్త జాకెట్టు ఒక్కటీ ఇచ్చి పంపం. ఆది జాకెట్టు మడతెట్టి, కొత్తదాని లోపట పెట్టి, రెండూ కలిపి ఇత్తాం. అది మరిసిపోతే అసో ఊరుకునేది కాదు, బస్సు దాకా పరిగెత్తించేది. ఎందుకంటే, ఇంటికెల్లి ఆవిడ ఒకదాని మీద ఒకటి పరిసి సూసుకుంటాది. ఇక్కడ వొదులు సేసినాది, ఇక్కడ లోపటికి పట్టినాది, మెడ కొంచెం కిందకి దింపినాది. ఆది పక్కన ఉంటేనే కుట్టినదాని పని కనపడతాది. దాసేత్తే ఏటి కనపడతాది, ఉత్తి జాకెట్టు.

"ఆ అచ్చు కూడా పట్టుకెల్లు" అన్నాను. "బల్ల మీద రెండూ పెట్టు."

"పట్టుకెల్తే నానే దొంగనని ఒప్పుకున్నట్టు."

"తీసుకున్నదాన్ని దాసేత్తే దొంగ. బల్ల మీద పెడితే ఎలగ దొంగవుతావు?"

"నీకు తెల్దు అమ్మమ్మా. ఆల్లు ముగ్గురూ పెద్ద సదువులు సదివినోల్లు."

"ఆల్లకి జాకెట్లు నేవేటి" అన్నాను. నువ్వు నవ్వనేదు. గరుకు కాయితం మాత్రం కింద పెట్టినావు. అరగదీసిన కొస మళ్ళీ అతికించడానికి రెండ్రోజులు ఏడిసినావు.

పరీచ్చ రోజు ఇంటోల్లు కూడా రావొచ్చన్నారు. మీ అమ్మకి ఆఫీసు, నాను వచ్చినాను. ఇమానాన్నీ అచ్చునీ నా పాత సీరలోన సుట్టి మూట కట్టినాను, కొమ్యూటరు రైలులోన ఎవులైనా తగిలితే ఇరిగిపోతాదని. రైలులోన ఒకావిడ "పెళ్ళికి సామానా" అని అడిగినాది. నాను ఇమానం అన్నాను. ఆవిడ సీటు మారిపోయినాది. దాని ముక్కుకి నిమ్మకాయ కడదామని కూడా తెచ్చినాను, దిట్టి తగలకుండా. "ముక్కు బరువు మారితే పైకే లేవదు, కట్టకు" అన్నావు. నిమ్మకాయ నా సంచిలోనే ఉండిపోయినాది, సాయంత్రం నీల్లలోన పిండుకున్నాం.

నాను ఎనక వరసలోన కూసున్నాను. ముగ్గురు బల్ల దగ్గిర. ఒక చీనా మేడం, తెల్ల జుట్టు, పెద్ద కళ్ళద్దాలు. ఒక మలాయి పెద్దమనిసి. మూడోవోడు నిన్ను అన్న లెక్చరరే. మాటలు ఇంగ్లీసూ మలాయీ కలిపి, నాకు సగం తెలిసినాయి, మిగతా సగం నువ్వు తరవాత సెప్పినావు.

నువ్వు మూట ఇప్పి రెండూ బల్ల మీద పెట్టినావు. సీర మడతెట్టి పక్కన పెట్టినావు.

"ఇదేటి?" అన్నాది మేడం, అచ్చు ఎత్తి.

"సీనియర్ రెక్క అచ్చు మేడం. నా రెక్క దీనిలోంచే వచ్చినాది."

మీ లెక్చరరు పక్కాయన కేసి సూసి, "నాను సెప్పినాను కదా" అన్నాడు.

"ఉండండి" అన్నాది మేడం. "మరి నువ్వేటి సేసినావు, సెప్పు."

నువ్వు రెక్క ఊడదీసి అచ్చు మీద పెట్టినావు. ఆ అబ్బాయి ఇమానానికి ఫేను ముక్కు దగ్గిర, నాది ఎనకాల అన్నావు. ఫేను ఎనక్కి పోతే బరువు ఎనక్కి పోతాది, అందుకని రెక్క ఇంత ఎనక్కి జరిపినాను, ముందల సిన్న రెక్కలు పెట్టినాను, అవి ఎంత పైకి ఎంత కిందకి కదలాలో ఇలగ లెక్క కట్టినాను అన్నావు. మొదట బెదురుగా సెప్పినావు, తరవాత ముగ్గుర్నీ మర్సిపోయి సెప్పినావు. ఒక దగ్గిర మేడమ్‌నే "ఇది పట్టుకోండి" అని అచ్చు ఆవిడ సేతిలోన పెట్టేసినావు. ఆవిడ పట్టుకున్నాది.

"సిన్న రెక్కల బదులు ముక్కులోన బరువు ఎయ్యొచ్చు కదా, తేలిగ్గా అయిపోయేది" అన్నాడు మలాయి పెద్దమనిసి.

"ఏసినాను సార్. పైకి లేవనేదు."

ఆయన నవ్వినాడు. అయిపోయినాది అనుకున్నాను. అప్పుడు మేడం రెక్క ముందల అంచు మీద ఏలు పెట్టి ఆపినాది. అక్కడ రెండు పక్కలా గోరంత గంటు ఉన్నాది.

"ఇది ఎందుకు?"

నువ్వు సూసినావు. అచ్చు తీసుకుని దాన్నీ సూసినావు.

"తెల్దు మేడం. ఆ అచ్చులోన ఉన్నాది. అలగే వచ్చేసినాది."

ఏదో ఒకటి సెప్పేయొచ్చు కదా అని నాను కుర్సీలోన మెలికలు తిరిగినాను. మీ లెక్చరరు మొకం ఎలగ ఎలిగిపోయినాదో నీకు కనపడనేదు, నాకు కనపడినాది. మేడం మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుసుకున్నాది. తరవాత సెప్పినాది, మిగతాదంతా నీదే, ఈ గంటు మాత్రం కాపీ. ఎందుకున్నాదో తెలుసుకో, ఉంచుతావో తీసెత్తావో నువ్వే తేల్చుకో, మైదానంలోన ఎగరేసి సూపించు. అప్పటిదాకా పాసూ కాదు, ఫెయిలూ కాదు.

బయటికొచ్చి కేంటీనులోనే ఆ అబ్బాయికి ఫోను సేసినావు. ఆడు పకపకా నవ్వినాడు, నాకే ఇనపడినాది. ఆడి ఇమానానికి రెక్కని రబ్బరు బేండుతో కట్టేవోడంట. బేండు జారిపోకుండా పట్టుకోడానికి ఆ గంటు. నీ రెక్కకి బోల్టులు. గంటుతో పనే నేదు.

నువ్వు తల బల్ల మీద పెట్టేసినావు. "రెక్క గీతలన్నీ లెక్క కట్టినాను అమ్మమ్మా, అదొక్కటే అడగనేదు" అన్నావు.

నాకు ఆ చీనావోల్లే గుర్తొచ్చినారు. ఆల్లకి ఎవులి కాగితాలు దొరికినాయో, దొరకనేదో, దేవుడికి తెలుసు. దొరికినా ఒక్కో గీతకీ ఇది ఎందుకు అని అడిగే ఉంటారు. అడక్కపోతే ఆ లావు ఇంజను పెట్టినాక అది లేచేదే కాదు. లంకావిలోన నా నెత్తి మీద పొట్ట సూపించుకుంటా తిరిగేదే కాదు. లోకం కాపీ అన్నా, కాదన్నా, ఆల్లు అడిగినోల్లు. నీకూ అదే సెప్పినాను. నువ్వు తల ఎత్తకుండా "ఊ" అన్నావు. నీకు నూడిల్స్ తెప్పించినాను, తిన్నావు. అప్పుడు నాకు ధైర్నం వచ్చినాది.

గంటు పూడ్సినావు. ఆరబెట్టినావు. పూడ్సిన రెక్కతో ఒకటి, పూడ్సకుండా ఇంకోటి సేసి రెండూ ఎగరేసి సూసుకున్నావు. పూడ్సింది కొంచెం నున్నగా పోయినాది అన్నావు. నాకైతే రెండూ ఒకలాగే పోయినాయి.

మైదానం రోజు ఎండ. మేడం టోపీ పెట్టుకుని వచ్చినాది. మీ లెక్చరరూ వచ్చినాడు, సేతులు కట్టుకుని నిలబడ్డాడు. నువ్వు ఇమానాన్ని సేత్తో ఇసిరినావు. అది ముందల కిందకి వొంగినాది, నాను కళ్ళు మూసేసుకున్నాను. తెరిసేసరికి పైన ఉన్నాది. ముందల సిన్న రెక్కలు గాలిలోన అలగ అలగ సద్దుకుంటా, సేప మొప్పలు ఆడినట్టు. పెద్దదాని లాగ పొట్ట సూపించి తిరిగినాది. మీ లెక్చరరు కట్టుకున్న సేతులు ఇప్పి, ఎండకి కంటి మీద సెయ్యి పెట్టుకుని, అది ఎటు తిరిగితే అటు తిరిగినాడు. నాను దాన్ని సూడ్డం మానేసి ఆయన్నే సూసినాను.

దిగేటప్పుడు గడ్డిలోన దబ్బున దిగినాది. మేడం ఎల్లి ఎత్తినాది, గంటు ఉన్న చోట ఏలు రాసి సూసినాది, తల ఊపినాది. "పాస్" అన్నాది. అంతే, ఒక్క మాట. మీ లెక్చరరు నీ దగ్గిరకొచ్చి, ముందల రెక్కలకి ఏ మోటరు పెట్టినావు అని అడిగినాడు. నువ్వు సెప్పినావు. ఇద్దరూ అక్కడే గడ్డిలోన కూసుని దాన్ని ఇప్పుకుంటన్నారు.

మీ అమ్మ ఆఫీసు నుంచి ఫోను. నీ సేతులు ఖాళీ నేవు, నానే ఎత్తినాను.

"అమ్మా, ఎగిరినాదా?"

"ఎగిరినాది."

"పడిపోయినాదా?"

"దిగినాది. ఒక సక్రం వొంగినాది."

"పిల్ల ఏటి సేత్తన్నాది?"

"ఆ లెక్చరరుకి పాఠం సెప్తన్నాది. పాసైనాది. ఒచ్చేటప్పుడు కోడి కొనుక్కురా, కాళ్ళు రెండూ దానికే."